చక్రాల మీద ఇల్లు, ఆకాశంలో టోర్నడో: ఎప్పుడు బయటపడాలి?

ప్రశ్న: మేం ఓక్లహోమాలో ఉంటున్నాం. నేను, మావారు, ఆరేళ్ల బాబు. పెద్ద ఇల్లు, ముప్ఫై ఏళ్ల అప్పు వద్దనుకుని రెండేళ్ల కిందట ట్రైలర్ మీద కట్టిన టైనీ హౌస్ కొనుక్కున్నాం. 24 అడుగుల పొడవు, పైన లాఫ్ట్‌లో పడక. స్నేహితుల స్థలంలో ఒక మూల పెట్టుకున్నాం. వాళ్లిల్లు మాకు మూడొందల అడుగుల దూరం. బేస్‌మెంట్ లేదు గానీ కాంక్రీట్ పునాది మీద కట్టిన మామూలు ఇల్లు. నాలుగు మైళ్ల దూరంలో ఒక చర్చికి బేస్‌మెంట్ ఉంది. మావారు ఇంటికి నాలుగు మూలలా నేలలోకి యాంకర్లు వేయించారు. "పదివేల పౌండ్ల ఇల్లు, ఎక్కడికీ పోదు. మరీ అయితే మధ్యలో ఉన్న బాత్రూమ్‌లో కూర్చుందాం, లేదంటే ఇంటినే ట్రక్కుకి తగిలించుకుని వెళ్లిపోదాం" అంటారు. పోయిన వసంతంలో రెండుసార్లు అర్ధరాత్రి ఫోన్ మోగింది. రెండుసార్లూ బాబుని పట్టుకుని బాత్రూమ్‌లో కూర్చున్నాం, ఏమీ కాలేదు. కానీ అప్పట్నుంచి మబ్బు పడితే చాలు నాకు టెన్షన్. బాబు "మన ఇల్లు ఎగిరిపోతుందా?" అని అడుగుతున్నాడు. నేను ఎక్కువ భయపడుతున్నానా? ఏం చేయాలి?

సమాధానం:

లేదమ్మా, మీరు ఎక్కువ భయపడట్లేదు. మీ భయానికి కారణముంది. అది మీ ధైర్యంలో లోటు కాదు, ఆ ఇంటి తీరు. సూటిగా చెప్తాను. యాంకర్లు ఉన్నా లేకపోయినా, బాత్రూమ్‌లో దాక్కున్నా లాఫ్ట్‌లో పడుకున్నా, టోర్నడో వచ్చే వేళకి మీ టైనీ హౌస్‌లో మనుషులు ఉండకూడదు. అది ఖాళీగా ఉండాలి. ఈ ఒక్క మాట మీరిద్దరూ ఒప్పుకుంటే మిగతావన్నీ దాని వెనకే వస్తాయి.

మీవారు బాత్రూమ్ అనడంలో తప్పు పట్టలేం. టీవీలోనూ, బడిలోనూ చెప్పేది అదే: కింది అంతస్తు, ఇంటి నడిమధ్య, కిటికీలు లేని చిన్న గది. కానీ ఆ సలహా నేలలో పునాది ఉన్న ఇళ్లకి. అలాంటి ఇంట్లో బయటి గోడలు పోయినా, పునాదికి బోల్టులు వేసి బిగించిన మధ్య గది కొన్నిసార్లు నిలబడుతుంది. మీ ఇంట్లో "మధ్య" అనేది లేదు. ఎనిమిదిన్నర అడుగుల వెడల్పులో బాత్రూమ్ గోడకి అవతల ఉండేది ఆకాశమే. పైగా ఆ గది నిలబడిన నేలే ట్రైలర్‌తో పాటు లేచిపోతుంది.

"పదివేల పౌండ్లు" అన్నారు కాబట్టి ఒక చిన్న లెక్క చేద్దాం. ఇది మీవారితో కూర్చుని కాగితం మీద వేయండి, ఆయనకి నా మాట కంటే లెక్క బాగా పనిచేస్తుందని నా నమ్మకం. గంటకు 100 మైళ్ల గాలి తిన్నగా తగిలితే గోడ మీద ప్రతి చదరపు అడుగుకీ దాదాపు 25 పౌండ్ల ఒత్తిడి పడుతుంది. మీ పొడుగు గోడ 24 అడుగులు, ఎత్తు 11 అడుగులు అనుకుందాం. 264 చదరపు అడుగులు. అంటే 6,600 పౌండ్లు ఒక్క పక్క నుంచే నెడుతున్నాయి. దీనికి తోడు రెండో పక్క గోడని గాలి బయటికి లాగుతుంది, కప్పుని పైకి లాగుతుంది. ఇల్లేమో ఎత్తుగా, సన్నగా ఉంది, కింద చక్రాలు. నిలబెట్టిన అగ్గిపెట్టెని పక్క నుంచి వేలితో నెట్టినట్టే. యాంకర్లు లేవనుకుంటే, నా లెక్క ప్రకారం గంటకు 80 మైళ్లు దాటేసరికే ఆ ఇల్లు ఒక పక్క చక్రాల మీద లేవడం మొదలుపెడుతుంది. గాలి వేగం రెట్టింపైతే తోపు నాలుగు రెట్లవుతుందని కూడా ఆ కాగితం మీదే రాయండి.

ఇప్పుడు ఆ 80ని పక్కన పెట్టుకుని టోర్నడోల కొలత చూడండి. అమెరికాలో 2007 నుంచి వాడుతున్న ఈఎఫ్ స్కేలులో అన్నిటికంటే బలహీనమైన ఈఎఫ్0 అంటేనే గంటకు 65 నుంచి 85 మైళ్ల గాలి. ఈఎఫ్1 అంటే 86 నుంచి 110. టోర్నడోల్లో అత్యధికం ఈ రెండు రకాలే. పునాది ఉన్న మంచి ఇంటికి ఈఎఫ్1లో పెంకులు ఊడతాయి, కిటికీలు పగులుతాయి. మీ ఇల్లు మాత్రం పక్కకి దొర్లుతుంది. వార్తల్లో కనిపించే ఊళ్లు తుడిచిపెట్టే ఈఎఫ్4, ఈఎఫ్5ల గురించి నేను మాట్లాడటం లేదు, "చిన్న" టోర్నడో గురించే చెప్తున్నాను.

మరి యాంకర్లు దండగా? కాదు, ఉంచండి. ఉరుములతో వచ్చే మామూలు ఈదురుగాలులకి, 60, 70 మైళ్ల గాలులకి అవి నిజంగా అక్కరకొస్తాయి. ఏటా మీకు టోర్నడో రాకపోవచ్చు గానీ ఆ గాలులు తప్పక వస్తాయి. స్ట్రాప్‌లు ఇంటి గోడలకి కాక ట్రైలర్ ఉక్కు ఫ్రేముకే బిగించి ఉన్నాయో లేదో చూడండి. వాన సీజన్ మొదలయ్యే ముందు ఒకసారి, పెద్ద వాన పడ్డాక ఒకసారి ఒక్కో స్ట్రాప్‌నీ చేత్తో లాగి చూడండి. నానిన నేలలో మర యాంకరు పట్టు సగం కోల్పోతే ఆశ్చర్యం లేదు. టోర్నడో వెళ్లిపోయిన మర్నాడు ఒక మొబైల్ హోమ్ (ఫ్యాక్టరీలో చేసి తెచ్చి నిలిపే ఇల్లు) స్థలాన్ని చూశాను. యాంకర్లు నేలలో వేసినవి వేసినట్టే ఉన్నాయి, వాటికి తెగిన స్ట్రాప్ ముక్కలు వేలాడుతున్నాయి. వాటి మధ్య పచ్చగడ్డి మీద ఒక దీర్ఘచతురస్రం, పాలిపోయిన గడ్డి. ఇల్లు ఉండాల్సిన చోటు అది. అప్పట్నుంచి యాంకర్ల మీద నా నమ్మకం ఈదురుగాలి వరకే.

టైనీ హౌస్‌ల గురించి విడిగా చెప్పుకునేంత అనుభవం ఇంకా పోగుపడలేదు గానీ, వాటి అన్నలాంటి మొబైల్ హోమ్‌ల చరిత్ర మన ముందుంది. 2019 మార్చి 3న అలబామాలోని లీ కౌంటీలో ఈఎఫ్4 టోర్నడో 23 మందిని బలితీసుకుంది. వాళ్లలో ఎక్కువమంది అలాంటి ఇళ్లలో ఉన్నవాళ్లే. అందుకే వాతావరణ శాఖ మొబైల్ హోమ్‌ల వాళ్లకి ఏళ్ల తరబడి ఒకే మాట చెప్తోంది: కట్టి ఉంచినా సరే, దాంట్లో ఉండొద్దు, బయటికి వచ్చి గట్టి భవనంలోకి వెళ్లండి. మీ ఇల్లు వాటికంటే తేలిక, వాటికంటే సన్నం.

ఇక "ఎప్పుడు" అన్నది. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. మనకు అలవాటైన తుఫాను రెండు మూడు రోజుల ముందే కబురు పెట్టి వస్తుంది. టోర్నడో అలా కాదు. దానికి రెండు కబుర్లు ఉంటాయి, ఆ రెండిటికీ తేడా మీకు నిద్రలో కూడా గుర్తుండాలి. వాచ్ అంటే టోర్నడోకి కావలసిన సరంజామా అంతా ఆకాశంలో తయారుగా ఉందని. మీ రాష్ట్రంలోనే, నార్మన్‌లో ఉన్న స్టార్మ్ ప్రిడిక్షన్ సెంటర్ దీన్ని ప్రకటిస్తుంది. చాలా కౌంటీలకి కలిపి, కొన్ని గంటలపాటు ఉంటుంది. వార్నింగ్ అంటే రాడార్‌లో కనబడింది, లేదా ఎవరో కళ్లారా చూశారు అని. అది వచ్చాక మీ చేతిలో ఉండేది చాలాసార్లు పది పదిహేను నిమిషాల లోపే. ఒక్కోసారి రెండు నిమిషాలు కూడా ఉండదు.

పునాది ఇంటివాళ్లు వార్నింగ్ దాకా ఆగొచ్చు, వాళ్లు నడవాల్సింది హాల్లోంచి లోపలి గదికి. మీరు అలా ఆగితే ఏమవుతుందో చూడండి. రాత్రి రెండు గంటలు. ఫోన్ మోగింది. లాఫ్ట్‌లో లేచి కూర్చుంటే తల కప్పుకి తగులుతుంది. అప్పటికే కరెంటు పోయి ఉంటుంది. ఒకరు ముందు నిచ్చెన దిగాలి, ఇంకొకరు నిద్రమత్తులో ఉన్న పిల్లాణ్ని అందించాలి. ఆరేళ్ల పిల్లాడు నిద్రలో గోనెబస్తా బరువు ఉంటాడు. చెప్పులు ఒకటి దొరుకుతుంది, రెండోది దొరకదు. తాళాల కోసం తడుముకోవాలి. ఉన్నది ఒకటే తలుపు, అది బయటికి తెరుచుకునేదైతే గాలి అవతల నుంచి నొక్కి పట్టుకుంటుంది. కారు దాకా బురద. తర్వాత నాలుగు మైళ్లు, వడగళ్లలో, వైపర్లు ఎంత వేగంగా కొట్టినా రోడ్డు కనబడని వానలో. చర్చి బేస్‌మెంట్ తలుపు తీసి ఉంటుందో లేదో కూడా తెలియదు. పది నిమిషాల్లో అవుతుందా? నా లెక్కకి కాదు.

కాబట్టి మీ ఇంటి గడియారం మిగతావాళ్ల గడియారం కంటే ముందు నడవాలి. వాళ్లకి వార్నింగ్ ఎంతో మీకు వాచ్ అంత. మీ కౌంటీకి టోర్నడో వాచ్ వేశారు అంటే చర్చ లేదు, బయలుదేరడమే. ఇంకా నయమైన పద్ధతి, వాచ్ కంటే కూడా ముందు మేలుకోవడం. అదే సెంటరు రోజూ ముందస్తు అంచనా ఇస్తుంది. మార్జినల్, స్లైట్, ఎన్‌హాన్స్‌డ్, మోడరేట్, హై అని ఐదు మెట్లు. వసంతకాలంలో రోజూ పొద్దున కాఫీ తాగేటప్పుడు ఆ మ్యాపు ఒకసారి చూడండి. స్లైట్ ఉంటే సంచి సర్ది, కారులో పెట్రోలు చూసుకోండి. ఎన్‌హాన్స్‌డ్, అంతకంటే పై మెట్టు ఉంటే ఆ రాత్రి పడక టైనీ హౌస్‌లో వద్దు. గట్టి ఇల్లున్న స్నేహితుల దగ్గరో, ఇంకెక్కడో పడుకోండి. రాత్రి వచ్చే టోర్నడోలు పగటివాటి కంటే రెండు రెట్లకు పైగా ప్రాణాంతకమని లెక్కలు చెప్తున్నాయి. చీకట్లో కనబడవు, జనం నిద్రలో ఉంటారు. సాయంత్రం ఐదింటికి నింపాదిగా తీసుకున్న నిర్ణయం, రాత్రి రెండింటికి నిచ్చెన మీద తీసుకునే నిర్ణయం కంటే ఎప్పుడూ మెరుగ్గా ఉంటుంది.

నిద్ర లేపే పనిని ఫోన్ ఒక్కదానికే వదలొద్దు. మీ ఇంటికి రేకుల కప్పు, రేకుల గోడలు ఉంటే సిగ్నల్ లోపలికి రావడమే కష్టం. ఫోన్ సైలెంట్‌లో ఉండొచ్చు, చార్జింగ్ అయిపోవచ్చు. ఊళ్లో సైరన్లు ఆరుబయట ఉన్నవాళ్ల కోసం పెట్టినవి, వానలో ఇంట్లో పడుకున్నవాళ్లకి వినబడతాయన్న భరోసా లేదు. ప్రభుత్వ వాతావరణ హెచ్చరికలు వినిపించే నోవా వెదర్ రేడియో, బ్యాటరీతో కూడా నడిచేది, ఒకటి కొనండి. మీ కౌంటీ కోడ్ అందులో పెడితే మీ కౌంటీ హెచ్చరికకే మోగుతుంది, ఊరికే నిద్ర చెడగొట్టదు. లాఫ్ట్‌లో తలవైపే పెట్టుకోండి. కొన్న రోజునే కిటికీ దగ్గర, మంచం దగ్గర పెట్టి ఎక్కడ బాగా పలుకుతుందో వినండి.

ఇప్పుడు మీ ఉత్తరంలో మీరు తేలిగ్గా రాసి వదిలేసిన విషయం దగ్గరికి వస్తాను. మూడొందల అడుగుల దూరంలో స్నేహితుల ఇల్లు. మీకున్న పెద్ద ఆస్తి అదేనమ్మా. బేస్‌మెంట్ లేకపోయినా, కాంక్రీట్ పునాది మీద ఉన్న ఆ ఇంట్లో నడిమి బాత్రూమో, బట్టల అలమారో మీ ఇంటి కంటే ఎన్నో రెట్లు నయం. వాచ్ లేకుండా ఉన్నట్టుండి వార్నింగ్ వచ్చి పడినా పరుగెత్తి వెళ్లగలిగేది అక్కడికే. మొహమాటపడకుండా ఈ వారమే వాళ్లతో మాట్లాడండి. ఒక తాళంచెవి మీకివ్వమనండి. వాళ్లు ఊళ్లో లేనప్పుడు కూడా లోపలికి వెళ్లొచ్చా, ఏ గది, ఆ గదిలో ఆరుగురో ఏడుగురో పడతారా, ఇవన్నీ ఇప్పుడే తేల్చుకోండి. వాన రాత్రి తలుపు కొట్టి అడిగే ప్రశ్నలు కావివి.

వీలైతే ఇంకో అడుగు ముందుకెళ్లండి. రెండు కుటుంబాలూ ఖర్చు పంచుకుని వాళ్ల గ్యారేజీ కాంక్రీట్ మీద ఉక్కు సేఫ్ రూమ్ బిగించుకోవడమో, రెండు ఇళ్లకీ మధ్య నేలలో షెల్టర్ పెట్టించుకోవడమో ఆలోచించండి. నేల మీద ఉండే సేఫ్ రూమ్ మీద చాలామందికి అనుమానం ఉంటుంది గానీ, ఫీమా (అమెరికా ప్రభుత్వ విపత్తుల సంస్థ) పీ-361, ఐసీసీ (భవన నియమాలు రాసే సంస్థ) 500 ప్రమాణాలతో చేసినవి గంటకు 250 మైళ్ల గాలికి తట్టుకునేలా లెక్కకట్టినవి. వాటి గోడని పరీక్షించేటప్పుడు 15 పౌండ్ల చెక్కదూలాన్ని గంటకు 100 మైళ్ల వేగంతో దాని మీదికి పేలుస్తారు. అమ్మేవాళ్లని "చాలా గట్టిది" అన్న మాట కాదు, ఆ ప్రమాణాల కాగితం అడగండి. కింద కాంక్రీట్ ఎంత మందం ఉండాలో, బోల్టులు ఎన్నో కూడా అందులో ఉంటాయి. ఓక్లహోమా రాష్ట్రం సూనర్‌సేఫ్ పేరుతో సేఫ్ రూమ్‌లకి రిబేటు ఇచ్చే పథకం నడిపింది. ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారేమో స్థలం యజమానులుగా మీ స్నేహితులని కనుక్కోమనండి.

చర్చి సంగతి కూడా ఫోన్ చేసి తెలుసుకోండి. వాచ్ ఉన్నప్పుడు తెరుస్తారా, వార్నింగ్ వచ్చాకే తెరుస్తారా, తాళం ఎవరి దగ్గర ఉంటుంది? వాచ్ వేళకే తెరిచే చోటే మీకు పనికొస్తుంది.

ఇంటిని ట్రక్కుకి తగిలించుకుని వెళ్లిపోదామన్న ఆలోచన మాత్రం ఆయన్ని పూర్తిగా మానుకోమనండి. పదమూడు అడుగుల ఎత్తు ట్రైలర్‌ని పక్కగాలిలో లాగడమంటే ఆ అగ్గిపెట్టెని ఈసారి మీ వెనకే కట్టుకున్నట్టు. యాంకర్లు విప్పి, నీళ్లు, కరెంటు తీసి, జాకీలు ఎత్తి హిచ్ తగిలించేసరికే మీకున్న సమయమంతా అయిపోతుంది. ఇల్లు వదిలేసి కారులో, అదీ ముందే వెళ్లాలి. ఆలస్యంగా రోడ్డెక్కడం ఎంత ప్రమాదమో మీ రాష్ట్రమే చూసింది. 2013 మే 31న ఎల్ రీనో దగ్గర 2.6 మైళ్ల వెడల్పున్న టోర్నడో వచ్చినప్పుడు జనం ఒక్కసారిగా కార్లలో బయలుదేరి రోడ్లు కిక్కిరిసిపోయాయి. ఆ టోర్నడోకి బలైన ఎనిమిది మందీ వాహనాల్లో ఉన్నవాళ్లే. వంతెన కింద ఆగితే కాపాడుతుందన్న నమ్మకం కూడా అబద్ధం. ఆ ఇరుకులో గాలి ఇంకా జోరందుకుంటుంది, శిథిలాలు సూటిగా దూసుకొస్తాయి. 1999 మే 3న మీ రాష్ట్రంలో వచ్చిన టోర్నడోల్లో హైవే వంతెనల కింద తలదాచుకున్నవాళ్లలో ముగ్గురు చనిపోయారు.

ఇన్ని చేసినా ఒక రోజు అన్నీ తప్పి, దారి మధ్యలో చిక్కుకుపోతే? అప్పుడు మిగిలేవి రెండు, రెండూ మంచివి కావు. కారు ఆపి, సీటు బెల్టు పెట్టుకునే ఉండి, తల కిటికీల కంటే కిందికి వంచి, చేతులతో, దుప్పటితో కప్పుకోవడం ఒకటి. రోడ్డు కంటే బాగా పల్లంగా గుంట దగ్గర్లో ఉంటే దిగి, అందులో బోర్లా పడుకుని తల, మెడ చేతులతో కప్పుకోవడం రెండోది. ఆ గుంటలో వరద నీరు లేకుండా చూసుకోవాలి. ఏది మేలన్నది ఆ క్షణంలో మీ ముందున్నదాన్ని బట్టే.

కిటికీలు తెరిస్తే ఇల్లు పేలిపోదని ఎవరైనా చెప్తే వినకండి. పనికిరాని పని, ఆ అరనిమిషం మీకు కావాలి. ప్రొపేన్ సిలిండరు వాల్వు వాచ్ వేళ బయలుదేరుతూ కట్టేయండి, వార్నింగ్ వేళ అయితే దాని జోలికి పోవద్దు.

సంచి గురించి పెద్దగా చెప్పను, మీకు తెలిసిందే: కాగితాలు, మందులు, టార్చి, చార్జరు, నీళ్లు. రెండు మాత్రం మర్చిపోవద్దు. ఒకటి, ముగ్గురికీ గట్టి అడుగున్న బూట్లు, తలుపు దగ్గరే. తర్వాత నడవాల్సింది మేకులు, గాజు ముక్కల మీద. రెండోది హెల్మెట్లు. సైకిల్‌వైనా, బేస్‌బాల్‌వైనా పర్వాలేదు. టోర్నడోల్లో ప్రాణం తీసేది చాలావరకు ఎగిరొచ్చే వస్తువు, తలకి తగిలే దెబ్బ. హెల్మెట్ ఉంది కదా అని ఇంట్లో ఉండిపోకూడదు గానీ, స్నేహితుల బాత్రూమ్‌లో కూర్చున్నా సరే, పెట్టుకోండి. ఇంకా, ఎండ కాస్తున్న ఒక రోజు ఇల్లంతా లోపలా బయటా వీడియో తీసి ఎక్కడైనా భద్రం చేయండి. ఇల్లు పోతే ఇన్సూరెన్సువాళ్లు అడిగేది అదే. మనుషులు దాంట్లో లేరు కాబట్టి ఆ మాట నేను నింపాదిగా రాయగలుగుతున్నాను.

మీవారితో ఒకటి ముందే మాట్లాడుకోండి. మీరు వాచ్ వేసిన ప్రతిసారీ వెళ్తారు, పదిసార్లలో పదిసార్లూ ఏమీ జరక్కపోవచ్చు. నాలుగోసారికి ఆయనకి, ఏడోసారికి మీకు విసుగొస్తుంది. "పోయినసారి కూడా ఏం కాలేదుగా" అన్న మాట వచ్చిన రోజే ప్రమాదమైన రోజు. అందుకే ఆ వెళ్లడాన్ని తిప్పలుగా కాక అలవాటుగా మార్చుకోండి. స్నేహితుల ఇంట్లో రాత్రి భోజనం, పిల్లలకి ఆట, ఆ పూట అక్కడే పడక. ఈ శనివారం, వాన లేని సాయంత్రం, ఒక్కసారి ముగ్గురూ లాఫ్ట్‌లో పడుకుని, లైట్లు ఆపేసి, ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి, బూట్లు వేసుకుని స్నేహితుల బాత్రూమ్ దాకా వెళ్లి చూడండి. ఎన్ని నిమిషాలు పట్టిందో ఆ అంకె ఫ్రిజ్ మీద రాసి పెట్టండి. ఆయనతో వాదించే పని ఇక మీకుండదు.

ఇక బాబు ప్రశ్న. "ఎగరదు నాన్నా" అని మాత్రం చెప్పొద్దు. వాడు అడుగుతున్నాడంటే కొంత తెలిసే అడుగుతున్నాడు, అబద్ధం చెప్తే రేపు మీరు "పద" అన్నప్పుడు నమ్మడు. "ఇల్లు ఎగరొచ్చు. కానీ అప్పుడు మనం అందులో ఉండం, పక్కింట్లో ఉంటాం" అని చెప్పండి. తర్వాత వాడికి ఒక పని అప్పజెప్పండి. వాచ్ వచ్చినప్పుడు మూడు హెల్మెట్లూ ఎవరు తేవాలో వాడికే తెలియాలి. శనివారం రిహార్సల్‌లో వాడే తేవాలి, మీరు అందుకోవాలి.